భయపడే కుక్క – మన బాధ్యత
(బాగలూరులో జరిగిన పౌరుల సమావేశంలో తెలుగులో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే వీధిలో వినిపించే ఊరు మనది. నాకు ముందు మాట్లాడిన వారు తాగునీటిని గురించి, చెత్తను గురించి, వీధిదీపాలను గురించి చెప్పారు. నాకు అప్పగించిన విషయం కుక్క. అందులోనూ కరిచే కుక్క కాదు, భయపడే కుక్క. ఇది పౌరసభలో చెప్పదగిన సంగతేనా అని కొందరికి సందేహం కలగవచ్చు. కుక్క కరిచిన తరువాత అది ఆసుపత్రికి సంబంధించిన విషయం అవుతుంది; ఇరుగుపొరుగుల తగాదా అవుతుంది; ఒక్కొక్కప్పుడు పోలీసుల దాకా పోతుంది. అలా కరిచిన కుక్కలలో చాలావాటికి మొదట ఉన్నది కోపం కాదు, భయం. కాబట్టి కాటుకు ముందున్న ఆ భయాన్ని తెలుసుకోవడం పౌరధర్మంలో భాగమేనని నా మనవి.

మన మహాభారతం ఆదిపర్వంలో, కథ ఇంకా మొదలవుతూ ఉండగానే, ఒక కుక్కపిల్ల ఎదురవుతుంది. జనమేజయ మహారాజు యజ్ఞం చేస్తుండగా సారమేయమనే కుక్కపిల్ల అక్కడికి వచ్చింది. అది హవిస్సును ముట్టలేదు, దాని వంక చూడనైనా లేదు. అయినా రాజు తమ్ములు దానిని కొట్టి తరిమారు. అది ఏడుస్తూ పోయి తల్లి సరమతో చెప్పుకొన్నది. సరమ రాజసభకు వచ్చి, తప్పు చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. అప్పుడు ఆమె ఇచ్చిన శాపం ఏమిటి? మీకు చావు వస్తుందని కాదు, రాజ్యం పోతుందని కాదు. కారణం కనబడని భయం మిమ్మల్ని పట్టుకొంటుందని మాత్రమే. నన్నయ తెలుగులో ఈ కథను చదివిన ప్రతిసారీ నాకు ఒకటే తోస్తుంది. ఆ పిల్ల అనుభవించినదేదో దానినే తల్లి రాజుకు శాపంగా ఇచ్చింది. ఎప్పుడు, ఎటునుంచి వచ్చి పడుతుందో తెలియని భయంకంటె పెద్ద శిక్ష లేదని ఆ తల్లికి తెలుసు.

ఇక నా అనుభవం చెబుతాను. ఇందులో తప్పు నాదే కనుక చెప్పడానికి నాకు అధికారం ఉన్నది.

మా ఇంట్లో ఒక నాటుకుక్క ఉన్నది. ఒళ్ళంతా నలుపు గనుక పక్కింటి కన్నడంవారు కరియ అని పిలిచారు. అదే పేరు నిలిచింది. ఒక గులాబీ తోటలో, పూలు కట్టలు కట్టే షెడ్డు వెనుక అది పుట్టింది. తల్లి పోయిన తరువాత అక్కడే ఒంటరిగా పెరిగింది. దాదాపు 8 నెలల వయసులో మా ఇంటికి తెచ్చుకొన్నాము. ఇంట్లో దానంత సాధువు లేదు. గేటు దాటితే చాలు, కడుపు నేలకు ఆనించి కూలబడేది. మోటారుసైకిలు పోతే వణికేది. కొత్త మనిషి కనబడితే నా కాళ్ల వెనుక దూరేది. నేనేమో, నలుగురిలో తిప్పితే అదే అలవాటు పడుతుందని అనుకొన్నాను. మా వీధిలో ఉత్సవం జరిగిన రోజు, తప్పెట్లు మోగుతుండగా, దానిని గొలుసుతో పట్టి జనంలోకి తీసుకుపోయాను. అది వెనక్కు గుంజింది. నేను ముందుకు లాగాను. పక్కింటి చిన్నపాప ప్రేమతో దాని తల నిమరబోయింది. కరియ ఆ చేతిని కరిచింది.

పాపకు గాయం పెద్దది కాదు. సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలపాటు కడిగి, ఆ పూటే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయి టీకా వేయించాము. కరియకు రేబిస్ టీకా అంతకుముందే వేయించి ఉన్నా, పాపకు చికిత్స ఆపలేదు, ఎవరూ ఆపకూడదు. ఆ సాయంత్రం పాప అవ్వ మా గుమ్మంలో నిలబడి ఒకే ఒక మాట అడిగింది: "అది మూలకు నక్కుతా ఉంటే, నువ్వెందుకు నాయనా ఈడ్చుకొస్తివి?" జనమేజయుని సభలోవారివలె నేను కూడా జవాబు చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్నకు జవాబు వెదకుతూ నేర్చుకొన్నదే ఇప్పుడు మీ ముందు ఉంచుతున్నాను.

మొదటి సంగతి: భయం మొండితనం కాదు. అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్కపిల్లల పెంపకాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి 1965లో ఒక గ్రంథం ప్రచురించారు. పుట్టిన 3వ వారం మొదలు సుమారు 12వ వారం దాకా కుక్కపిల్ల మనసు లోకానికి తెరచి ఉంటుందని వారు చూపారు. ఆ రోజులలో మనుషులను, పిల్లలను, బండ్లను, చప్పుళ్లను నెమ్మదిగా చూసిన పిల్ల వాటిని తన లోకంగా ఎంచుకొంటుంది. ఆ కిటికీ మూసుకొన్న తరువాత ఎదురైనవన్నీ దానికి పరాయివే. కరియకు ఆ వారాలు షెడ్డు వెనుకనే గడిచిపోయాయి. నేర్చుకోవలసిన వయసులో నేర్పించే దిక్కు లేకపోయినదే తప్ప అది మొండికుక్క కాదు. ఆ వయసు దాటిన కుక్కకు నేర్పలేమని దీని అర్థం కాదు. ఎక్కువ ఓపిక, ఎక్కువ కాలం పడుతుందని మాత్రమే అర్థం.

భయం ఎంత లోతుగా నాటుకొంటుందో చెప్పే ఒక సంఘటన ఉన్నది. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ పేరు విద్యార్థులు పాఠాలలో చదివే ఉంటారు. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్ నగరంలోకి నేవా నది వరద వచ్చి, ఆయన ప్రయోగశాలలోని కుక్కల గదులు మునిగాయి. కుక్కలను ఈదించి బయటకు తెచ్చి కాపాడారు. ప్రాణాలు దక్కాయి గాని, వాటిలో కొన్ని అంతకాలం నేర్చుకొన్న అలవాట్లను కోల్పోయాయి. తరువాత ఎప్పుడో తలుపు కింద నుంచి కొంచెం నీరు పారనిస్తే చాలు, ఒక కుక్క మళ్ళీ బెదిరిపోయిందని పావ్‌లోవ్ రాశాడు. భయపడిన ప్రాణిని అదే భయంలోకి తోస్తే ధైర్యం రాదు, భయమే గట్టిపడుతుంది.

అదే 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి విరుగుడు చూపారు. కుందేలంటే భయపడే దాదాపు 3 ఏళ్ల బాలుడు ఒకడున్నాడు. వాడు ఇష్టమైన తిండి తింటూ ఉండగా, గదిలో ఎంతో దూరాన కుందేలు పంజరాన్ని ఉంచారు. వాడు బెదరనంతవరకు, రోజుకు కొంచెం చొప్పున దగ్గరకు తెచ్చారు. చివరకు వాడే ఆ కుందేలును చేతితో నిమిరాడు. ఈనాడు భయపడే కుక్కలకు నేర్పే పద్ధతి అంతా ఈ రెండు మాటలలోనే ఉన్నది: దూరం, తిండి.

మన రైతులకు ఇది కొత్త కాదు. కొత్త కోడెకు కాడి అలవాటు చేసేటప్పుడు మొదటి రోజే బరువుబండికి కట్టరు. ముందు ఉత్త కాడి మెడమీద పెట్టి తీస్తారు. తరువాత తేలిక దుంగ లాగిస్తారు. నెమ్మదస్తుడైన పాత ఎద్దును జతగా కడతారు. కోడెకు మనం చూపే ఈ ఓర్పును కుక్కకు చూపడం మరచిపోయాము.

రెండవ సంగతి: కుక్క ముందే చెబుతుంది, మనం వినము. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. తిండి లేకపోయినా పెదవులు నాకుకొంటుంది. తడవకపోయినా ఒళ్ళు దులుపుకొంటుంది. ముఖం పక్కకు తిప్పుకొంటుంది. చెవులు వెనక్కు వాల్చి, తోకను కాళ్ల సందున ముడుచుకొంటుంది. కనుగుడ్డు తెల్లభాగం చంద్రవంకలాగా కనబడుతుంది. అప్పటికీ మనం వినకపోతే కొయ్యబారి నిలుస్తుంది, గుర్రుమంటుంది. ఆ తరువాతదే కాటు. చాలామంది గుర్రుమన్న కుక్కను కొడతారు. అది పెద్ద పొరపాటు. గుర్రుమనడం హెచ్చరిక. దెబ్బకు హెచ్చరిక మానుతుందే గాని భయం మానదు. అటువంటి కుక్క రేపు హెచ్చరించకుండానే కరుస్తుంది.

ఇప్పుడు చేయవలసిన పనులను వరుసగా చెబుతాను.

ముందుగా పశువైద్యునికి చూపించాలి. చెవిపోటు, కీళ్లనొప్పి, పంటినొప్పి ఉన్న కుక్క తాకితేనే బెదురుతుంది. నొప్పిని నయం చేయకుండా నేర్పే పాఠం నిలువదు. రేబిస్ టీకాను వైద్యుడు చెప్పిన గడువు తప్పకుండా వేయించాలి. భయం మరీ తీవ్రంగా ఉంటే దానికి మందులు కూడా ఉన్నవి. అవి వైద్యుడే ఇవ్వాలి. మనుషులకు ఇచ్చే నిద్రమాత్రలు ఇంట్లో ఎవరూ ఇవ్వరాదు.

తరువాత పరికరం. భయపడిన కుక్క వెనక్కు గుంజుకొంటే మెడపట్టీ తలమీదుగా జారిపోతుంది. లేదా గొంతు నులుముతుంది. గొంతు నులిమితే దాని భయం రెట్టింపవుతుంది. ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ మేలు. అంగళ్లలో హార్నెస్ అని అడిగితే ఇస్తారు. దానికి 6 అడుగుల తాడు చాలు. తాడు ఎప్పుడూ కొంచెం వదులుగా వేలాడాలి. బిగిసిన తాడు ద్వారా మన భయం కూడా కుక్కకు చేరుతుంది.

అటుపైన దూరం. ప్రతి కుక్కకూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు ఇవతల అది చూస్తుంది, వింటుంది, తింటుంది. అవతల ఏమీ తినదు, ఏమీ వినదు. చేతిలోని తిండిని కాదంటే మనం హద్దు దాటామన్నమాట. అక్కడ నిలిచి బుజ్జగించి లాభం లేదు, వెనుకకు రావాలి. కరియ హద్దు మా గేటు దగ్గరే ఉండేది. మొదటి రెండు వారాలు మేము గేటు దాటనేలేదు. తెల్లవారి, రోడ్డు మీద బండ్లు పెరగకముందు, గేటు లోపల నిలిచి వీధిని చూసేవాళ్ళము. పది నిమిషాలు చూసి లోపలికి వచ్చేవాళ్ళము. చూసినవారు నవ్వారు. నవ్వనిచ్చాను.

తిండి ఇవ్వడంలో వరుస ముఖ్యం. ముందు మోటారుసైకిలు కనబడాలి. వెంటనే తిండి రావాలి. బండి పోగానే తిండి ఆగాలి. కొన్నాళ్లకు, బండి వస్తే మంచిది వస్తుందని కుక్క తనకు తానే లెక్క కట్టుకొంటుంది. ముందు తిండి చూపి ఆశపెట్టి బండి దగ్గరకు తీసుకుపోతే లెక్క తిరగబడుతుంది. తిండిని చూస్తేనే అనుమానం పుడుతుంది. ఆ తిండి రోజూ పెట్టే రాగిముద్ద కారాదు. ఉడికించిన కోడిమాంసం గోరంత ముక్కలుగా చేసి, ఈ పాఠానికి మాత్రమే దాచి ఉంచాలి. శాకాహారులు పనీరు ముక్కలు వాడవచ్చు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాకొలెట్ కుక్కలకు విషం, అవి పెట్టరాదు.

భయపడినప్పుడు దగ్గరకు తీసుకొంటే భయం అలవాటవుతుందని ఒక మాట ప్రచారంలో ఉన్నది. అది నిజం కాదు. భయం మెచ్చుకొంటే పెరిగే పని కాదు. కుక్క మన ఒడిలోకి వస్తే రానివ్వండి, మెల్లగా మాట్లాడండి. రానిదానిని బలవంతంగా మాత్రం పట్టుకోకండి.

మాటను గురించి మన ఊరికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటి ఉన్నది. మా ఇంట్లో నేను "రా" అంటాను. పక్కింటివారు "బా" అంటారు. పాలు తెచ్చే ఆయన "వా" అంటాడు. మనకు మూడూ ఒకటే. కుక్కకు మూడు వేరువేరు చప్పుళ్ళు. మన ప్రాంతపు కుక్కలన్నిటికీ బాగా తెలిసిన మాట "పో" ఒక్కటే, అదీ రాయితో పాటు తెలిసినది. కాబట్టి ఇంటిల్లిపాదీ కూర్చొని, పిలవడానికి ఒక మాట, ఆగడానికి ఒక మాట, వెనుదిరగడానికి ఒక మాట నిర్ణయించుకోండి. ఏ భాషలోనిదైనా సరే, అందరూ అదే వాడాలి.

ఇక మనుషులతో పరిచయం. భయపడే కుక్కను చూడవచ్చినవారు దాని ఎదురుగా వంగి, తలమీద చేయి పెట్టరాదు. పక్కకు తిరిగి నిలవాలి, కళ్ళలోకి చూడరాదు. కుక్కే వచ్చి వాసన చూసి పోనివ్వాలి. ఇష్టపడితే ఛాతీ పక్కన మూడు క్షణాలు నిమిరి చేయి తీసివేయాలి. మళ్ళీ దగ్గరకు వస్తే సమ్మతి. రాకపోతే చాలునని అర్థం. పిల్లలకు ఈ నియమం పాఠశాలలోనే నేర్పాలి. యజమానిని అడగనిదే ఏ కుక్కనూ ముట్టరాదు. తింటున్నదానిని, నిద్రిస్తున్నదానిని, పిల్లలు పెట్టినదానిని అసలే ముట్టరాదు. వెంటబడితే పరుగెత్తక, చెట్టులాగా నిలవాలి.

ఇంటికి బంధువులు వచ్చే రోజున భయపడే కుక్కకు వేరే గది, దాని పరుపు, కొరకడానికి ఏదైనా వస్తువు ఏర్పాటు చేయండి. "మా కుక్క ఏమీ చేయదు" అనే మాట అతిథికి ఇచ్చే భరోసా మాత్రమే. కుక్కకు అది భరోసా కాదు. అవసరమైనప్పుడు చిక్కం వేయడానికి కూడా సిగ్గుపడనక్కరలేదు. ఎద్దుకు చిక్కం కట్టడం మనకు కొత్త కాదు గదా. అయితే కుక్కకు కట్టే చిక్కం నోరు తెరచి ఎగపోసుకోవడానికి వీలుగా బుట్టలాగా ఉండాలి. అందులో తిండి పెడుతూ కొన్ని వారాలు అలవాటు చేయాలి.

వీధికుక్కలు ఎదురైతే సూటిగా ఎదురుపోక, అర్ధచంద్రాకారంగా చుట్టి దాటండి. వాటికీ భయం ఉంటుంది. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, వీధికుక్కలను పట్టి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడవాలి. చెవి కొన కత్తిరించి ఉంటే అది చికిత్స అయిన కుక్క అని గుర్తు. ఆ పనికి సహకరిస్తే మన కుక్కకూ వీధి సుగమమవుతుంది.

పండుగల మాట. మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వినబడితే, కుక్క చెవికి దాదాపు 45,000 దాకా వినబడుతుంది. మనకు ముచ్చటైన టపాకాయ దానికి పిడుగు. తమిళనాడులో 2018 నుంచి దీపావళి నాడు ఉదయం 6 నుంచి 7 వరకు, సాయంత్రం 7 నుంచి 8 వరకు మాత్రమే టపాకాయలు కాల్చడానికి ప్రభుత్వం అనుమతిస్తున్నది. ఈ వేళలు పాటిస్తే కుక్క ఉన్న ఇల్లు ముందే సిద్ధపడగలదు. ఆ వేళకు ముందే తిప్పి తీసుకురావచ్చు. కిటికీలు మూసి, లోపలి గదిలో పంకా, రేడియో పెట్టి, పక్కన కూర్చోవచ్చు. వేళ దాటి పేలే ఒక్క టపాకాయ ఆ ఏర్పాటునంతా చెడగొడుతుంది. బెదిరి పారిపోయిన కుక్క రోడ్డు మీద బండ్ల కింద పడుతుంది. లేదా దానికి అడ్డం తప్పబోయిన మనిషి పడతాడు.

చట్టం మాట కూడా రెండు ముక్కలలో చెబుతాను. భయస్థ కుక్కను గొలుసుకు కట్టి ఇంట్లోనే పడేస్తే చాలదా అని అడిగేవారున్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం, నిత్యం గొలుసుకు కట్టి గాని ఇరుకున బంధించి గాని ఉంచిన కుక్కకు తగిన వ్యాయామం కలిగించకపోవడం నేరం. ప్రాణులపట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఏ అధికరణం చెబుతున్నది. అదే విధంగా కుక్కను పట్టి నడిపించడం, టీకా వేయించడం, అది వీధిలో విసర్జించిన మలాన్ని ఎత్తివేయడం యజమాని బాధ్యత. దయ ఇంటివారిది, ఇబ్బంది పొరుగువారిది అన్న పద్ధతి న్యాయం కాదు.

కరియ సంగతి చెప్పి ముగిస్తాను. గేటు నుంచి వీధి చివరి వేపచెట్టు దాకా చేరడానికి మాకు 5 నెలలు పట్టింది. నడుమ ఒక రోజు లారీ హారనుకు బెదిరి, మూడు వారాల చదువు మరచిపోయింది. మళ్ళీ గేటు దగ్గరే మొదలుపెట్టాము. ఏడాది దాటిన తరువాత, పాప ఇంటివారు ఒప్పుకొన్నాక, మా వాకిట్లో ఇద్దరినీ దూరం దూరంగా కూర్చోబెట్టాము. పాప పక్కకు తిరిగి కూర్చొని, చూడకుండా, కోడిమాంసపు ముక్కలు నేలమీద విసిరేది. నాలుగవ ఆదివారం కరియ తానే వెళ్ళి ఆ చేతిని, తాను కరిచిన చేతినే, వాసన చూసి పక్కన పడుకొన్నది. పాప అవ్వ చూస్తూ నిలబడినది గాని ఏమీ అనలేదు.

కరియ ఈనాటికీ ధైర్యశాలి కాదు. తెల్లవారుజామున నాతో వేపచెట్టు దాకా నడుస్తుంది, ముగ్గురు నలుగురు మనుషులను గుర్తుపడుతుంది, అంతే. ఉత్సవం రోజున అది ఇంట్లోనే, లోపలి గదిలో ఉంటుంది. దాని పక్కన మాలో ఒకరు కూర్చొంటారు. అందరు కుక్కలూ జాతరకు రావలసిన పని లేదు. ఏది రాగలదో, ఏది రాలేదో తెలుసుకొని నడుచుకోవడమే మన పని.